జాకిర్ హుస్సేన్‌ను చూపించని గ్రామీ మాకెందుకు?

"ఈ రోజుల్లో మ్యూజిక్ అవార్డుల ప్రోగ్రాములు టీవీలో ఎవరు చూస్తున్నారు?" అని మొన్న ఒకాయన పోస్ట్ పెట్టారు. నాకు వెంటనే మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన చూసేవారు. ఎందుకు మానేశారో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నాన్నగారు పాతికేళ్లు హరికథలకు మృదంగం వాయించారు. తబలా ఆయన వాద్యం కాదు. అయినా తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ అంటే ప్రాణం. దూరదర్శన్‌లో ఆయన కనిపించే టీ ప్రకటన వస్తే చేతిలో పని ఆపేసి చూసేవారు. 2024 ఫిబ్రవరి 5, సోమవారం. అమెరికాలో ఇచ్చే సంగీత అవార్డుల సభ, గ్రామీ, మన టైములో పొద్దున ఆరున్నరకు మొదలవుతుందని చెబితే ఐదింటికే లేచి స్నానం చేసి కూర్చున్నారు. ఇడ్లీ ప్లేటు ఒళ్లో పెట్టుకుని, దాని అంచు మీద రెండు వేళ్లతో ఏదో నడక వేసుకుంటున్నారు. "శక్తి వాళ్లను ఎప్పుడు పిలుస్తారమ్మా?" అని గంటలో నాలుగుసార్లు అడిగారు. శక్తి అంటే జాకిర్ వాయించే బృందం.

పిలవలేదు. ఫోన్ తీసి చూస్తే తెలిసింది, ఆ అవార్డులు మన తెల్లవారుజామునే ఇచ్చేశారని. జాకిర్ హుస్సేన్‌కు ఆ ఒక్క రోజే మూడు గ్రామీలు. ఒకటి శంకర్ మహదేవన్, సెల్వగణేష్, గణేష్ రాజగోపాలన్, జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి చేసిన శక్తి ఆల్బమ్‌కు. మిగతా రెండింటిలో వేణువు రాకేష్ చౌరాసియాది. ఇంత జరిగింది, టీవీలో వచ్చే సభలో కాదు.

ఆ ఏడాది గ్రామీలో మొత్తం 94 విభాగాలు. టీవీలో మనకు చూపించి ఇచ్చేది పది, ఆ దగ్గర్లో. మిగతావన్నీ మధ్యాహ్నం పక్క హాల్లో జరిగే ముందు సభలో పంచేస్తారు. దాన్ని ఇంటర్నెట్‌లో పెడతారు, కాదనను. కానీ అక్కడ మన సంగీతమే కాదు, జాజ్, క్లాసికల్, ఆల్బమ్ రికార్డు చేసిన సౌండ్ ఇంజనీర్లు, అందరూ ఆ గదిలోనే. పాటను తయారుచేసిన చేతులన్నీ కెమెరాకు అవతల ఉండిపోతే, ఇవతల చూసేవాడికి మిగిలేది ఏమిటి?

జనం తగ్గారంటే తగ్గరా మరి. అమెరికాలో 2012లో దాదాపు 4 కోట్ల మంది చూసిన కార్యక్రమాన్ని 2021లో 88 లక్షల మంది చూశారు. కోవిడ్ ఏడాది కాబట్టి అనుకుందాం. 2024లో కోటీ 69 లక్షలకు లేచి, మరుసటి ఏడాది మళ్లీ కోటిన్నరకు జారింది. ఫోన్లు వచ్చాయి, ఓటీటీలు వచ్చాయి, నిజమే. కానీ 2012లో అంతమంది ఎందుకు కూర్చున్నారో కూడా గుర్తు చేసుకోవాలి. సభకు ముందు రోజే గాయని విట్నీ హ్యూస్టన్ పోయింది. ఆ రాత్రి జెన్నిఫర్ హడ్సన్ ఆమె పాట పాడింది. కోట్లమంది ఒకేసారి ఒక గొంతు కోసం బాధపడాలనుకున్నారు. ఆ పని యూట్యూబ్ క్లిప్ చేయలేదు. టీవీ ఒక్కటే చేయగలదు.

2024లోనూ అలాంటి ఐదు నిమిషాలు ఉన్నాయి. ట్రేసీ చాప్‌మన్ గిటార్ పట్టుకుని 1988 నాటి తన 'ఫాస్ట్ కార్' మొదలుపెట్టింది. పక్కన ల్యూక్ కోంబ్స్, ఆ పాటనే మళ్లీ పాడి హిట్ చేసినవాడు, ఆమె పాడుతుంటే భక్తుడిలా చూస్తూ నిలబడ్డాడు. ఇంగ్లిష్ పాట ఒక్కటీ తెలియని మా నాన్నగారు ప్లేటు మీద వేళ్లు ఆపేశారు. "ఆవిడ మనసుపెట్టి వాయిస్తోందమ్మా" అన్నారు. ఆ పాత పాట మళ్లీ ఐట్యూన్స్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. ఇంకా చూసేవాళ్లు లేరని ఎలా అంటాం?

మన సంగతికొస్తే, 2023 మార్చి 13 పొద్దున చూసినవాళ్లెవరూ మర్చిపోరు. అది సంగీత అవార్డుల సభ కాదు, ఆస్కార్. అయినా ఆ రోజు మనకు అది పాట పండగే. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ అక్కడ 'నాటు నాటు' పాడారు. కీరవాణి గారు మైకు ముందు తన మాటను పాటగా పాడారు. నాకు అన్నిటికంటే నచ్చింది, చల్లగరిగలో పుట్టిన చంద్రబోస్ గారు ఆ స్టేజీ మీద చేత్తో ఆస్కార్ పట్టుకుని నిలబడటం. "రాసినాయన్ని కూడా పిలిచారు, చూశావా" అని నాన్నగారు ఆ రోజంతా అందరికీ చెప్పారు.

ఎందుకు అంత ఆశ్చర్యం? మన చానళ్లలో వచ్చే అవార్డుల ప్రోగ్రాముల్లో రాసినాయన కనబడడు కాబట్టి. ఎప్పుడో జరిగినదాన్ని కోసి, అతికించి, కొన్ని వారాల తర్వాత పండక్కి వేస్తారు. హీరోయిన్ డాన్సుకు పది నిమిషాలు, హీరో నవ్వితే మూడుసార్లు క్లోజప్, గీత రచయిత అవార్డు మాత్రం కింద స్క్రోలింగ్‌లో పోతుంది. గాయని స్టేజీ మీదే ఉన్నా వెనక సీడీ పాట మోగుతుంది. నంది అవార్డులు 2016 సినిమాలతో ఆగిపోయాక చాలా ఏళ్లు మనకు మిగిలింది ఎక్కువగా ఇదే.

సరే, గ్రామీకే వస్తాను. 2024 డిసెంబర్ 15న శాన్ ఫ్రాన్సిస్కోలో జాకిర్ హుస్సేన్ పోయారు, 73 ఏళ్లకు. ఫిబ్రవరిలో గ్రామీ సభలో, పోయిన కళాకారులకు నివాళి ఉంటుంది కదా, దానికోసం నాన్నగారు మళ్లీ కూర్చున్నారు. ఈసారి వేళ్లు కదల్లేదు. క్రిస్ మార్టిన్ పాడుతున్నాడు, తెరమీద ఒక్కో ఫొటో వెళుతోంది. జాకిర్ ఫొటో రాలేదు. ఏడాది క్రితం తామే మూడు అవార్డులిచ్చిన మనిషి. వాళ్ల వెబ్‌సైట్‌లో జాబితాలో పేరుందని తర్వాత తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాన్నగారు మాత్రం "వేశారేమో, నాకే కనబడలేదేమో" అన్నారు. ఆయన కళ్లకు ఏ లోపమూ లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఆ పెద్ద సభ పెట్టం. ముందు సభ మన టైములో రాత్రి రెండు గంటలకు మొదలవుతుంది. అలారం పెట్టుకుని నేనే నాన్నగారిని లేపుతాను.