హైదరాబాద్‌లో పెళ్లా? రూమెక్కడో అడగండి ముందు

శుభలేఖ మీద 'హైదరాబాద్' అని బంగారు అక్షరాలు. తీరా చూస్తే ఫంక్షన్ హాలు సిటీకి ఆ చివర కొంపల్లి అవతల, మాకు తీసిన రూములు ఈ చివర ఎల్బీనగర్‌లో! "ఎంతండీ, క్యాబ్ ఎక్కితే వచ్చేస్తారు" అన్నాడు పెళ్లికొడుకు బాబాయి. ఆయనకేం, కారుంది.

కాకినాడలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగాం. లాడ్జివాడేమో చెక్-ఇన్ పన్నెండింటికే అన్నాడు. పట్టుచీరల సంచీ ఒళ్లో పెట్టుకుని మా అత్తయ్య రిసెప్షన్ సోఫాలో కూర్చునే కునుకు తీసింది. డెబ్భై ఏళ్ల మనిషి.

ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు. మెట్రో కొంపల్లి దాకా లేనే లేదు, ఉన్న రూట్లలోనూ ఆ వేళకి రైలుండదు. అక్షింతలు వేసి బయటికొస్తే ఒక క్యాబ్ క్యాన్సిల్, రెండోదీ క్యాన్సిల్. మూడోవాడు ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ సార్?" అన్నాడు. ఎల్బీనగర్ అనగానే కట్.

డ్రోన్‌కి డబ్బులున్నాయి, చాట్ కౌంటర్లు ఆరున్నాయి. ఊరి నుంచి వచ్చినవాళ్లకి హాలు పక్కన నాలుగు రూములు, తిప్పడానికి ఒక్క వ్యాను పెట్టలేకపోయారా? పైగా పొద్దున్నే ఫోను: "అప్పగింతలకి లేరేంటండీ?"