ఆలోచించుకుంటాడట!

కిందటేడు మే నెలలో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక దుర్ఘటన జరిగింది. ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైన కుర్రాడు, ఎవరూ ఏమీ అనకుండానే, పప్పన్నం తింటూ తింటూ, "ఈ ఏడాది ఎక్కడా చేరను, కొంచెం ఆలోచించుకుంటాను" అన్నాడు. వాళ్లమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. వాళ్ల నాన్న లేచి ముందు వీధి తలుపు వేశాడు, తర్వాత ఫ్యాన్ ఆపాడు (ఎందుకో ఆయనకే తెలియదు), ఆపైన నాకు ఫోన్ చేశాడు. మా అపార్ట్‌మెంట్‌లో సంపు మోటారు కాలిపోయినా నన్నే పిలుస్తారు, సంతానం దారి తప్పినా నన్నే పిలుస్తారు.

"ఏం ఆలోచిస్తావురా?" అని అడిగాను, వీలైనంత మెత్తగా.

"ఏం చదవాలో, మావయ్యా."

పాపం, పసివాడు. ఏం చదవాలన్నది వాడు ఆరో తరగతిలో ఉండగా ఐఐటీ ఫౌండేషన్‌కి మొదటి వాయిదా ఫీజు కట్టిన రోజే తేలిపోయింది. పోనీ, మనం పిల్లలకి స్వేచ్ఛ ఇవ్వడం లేదా అంటే, ఎందుకివ్వడం లేదు? సీఎస్ఈ ఉంది. అది నచ్చకపోతే సీఎస్ఎం ఉంది. అదీ నచ్చకపోతే సీఎస్‌డీ, సీఎస్‌సీ ఉన్నాయి. అన్నీ కంప్యూటర్ సైన్సే అనుకోండి. వెబ్ ఆప్షన్లలో ఎన్ని వందలు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. అవి కూడా పిల్లాడికి శ్రమ లేకుండా నాన్నే నెట్ సెంటర్‌లో కూర్చుని పెడతాడు.

అసలు వాడు అడిగిన గడువు చూడండి, ఏడాది! ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో (పాత పేరు ఎంసెట్) 160 ప్రశ్నలకి 3 గంటలు. అంటే ఒక్కో ప్రశ్నకి 67 సెకన్లు. లక్షలు పోసి, రెండేళ్లు హాస్టల్లో పెట్టి, ఏ ప్రశ్న వచ్చినా 67 సెకన్లలో తేల్చెయ్యమని తయారుచేసిన కుర్రాడు ఒకే ఒక్క ప్రశ్నకి 365 రోజులు కావాలంటే కన్నవాళ్లకి ఎలా ఉంటుంది? "నెగటివ్ మార్కులు కూడా లేవు కదరా, ఏదో ఒకటి నొక్కెయ్" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

అప్పుడు వాడు ఒబామాని తీసుకొచ్చాడు. ఆయన పెద్దకూతురు 2016లో స్కూలు చదువు అయ్యాక ఏడాది ఆగి, 2017లో హార్వర్డ్‌లో చేరిందట. నిజమే, నేనూ పేపర్లో చదివాను. కానీ ఆ ఇంటి పరిస్థితి వేరు. తండ్రి ఉద్యోగం 2017 జనవరితో అయిపోతోంది, ఉంటున్నది క్వార్టర్స్, అదీ ఖాళీ చెయ్యాలి. అంత టెన్షన్‌లో పిల్ల చదువు ఒక ఏడాది వెనక్కి జరిగితే ఎవరూ తప్పు పట్టరు. పైగా ఆ అమ్మాయి సీటు ముందే ఖాయం చేసుకుని ఆగింది. మనవాడు సీటు లేకుండా ఆగుతానంటున్నాడు.

నేను ఆగడానికి వ్యతిరేకిని కానని ఇక్కడ స్పష్టం చేయాలి. మన జాతి ఆగినంతగా ఎవరూ ఆగి ఉండరు. మెడికల్ ప్రవేశాలు నీట్‌కి వెళ్లిపోయినా తెలంగాణలో 2023 దాకా ఎంసెట్ పేరులో 'ఎం' అలాగే ఉంచుకున్నవాళ్లం. నీట్‌కి ఇన్నిసార్లే రాయాలన్న లెక్క లేదు, 2022లో వయసు హద్దు కూడా తీసేశారు. కాబట్టి తాతగారైనా లాంగ్ టర్మ్‌లో, అంటే పరీక్ష మళ్లీ రాయడానికి ఏడాదిపాటు ఇచ్చే కోచింగ్‌లో, చేరవచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఒక్కటే పిసినారి పరీక్ష, వరసగా రెండేళ్లలో రెండుసార్లే. 2024 నవంబరులో మూడుసార్లు అని ప్రకటించి, ఆ నెల తిరక్కుండానే మళ్లీ రెండే అన్నారు. ఆ పది పన్నెండు రోజులూ ఎంతమంది తండ్రులు మూడో ఏడాది ఫీజుకి అప్పు మాట్లాడుకున్నారో.

లాంగ్ టర్మ్ అంటే ఎంత గౌరవం! పెళ్లిలో ఎవరైనా "మీ వాడేం చేస్తున్నాడు?" అంటే, "నీట్ లాంగ్ టర్మ్, రెండోసారి" అని చెప్పండి. "ఓహో" అని పక్కకి జరిగి కుర్చీ ఇస్తారు. అదే పిల్లాడు ఇంట్లో కూర్చుని పుస్తకం చదువుకుంటుంటే "ఖాళీగా ఉన్నాడు" అంటారు. బీటెక్‌లో నాలుగేళ్లు గడిచి, సబ్జెక్టులు మిగిలి, అవి అయ్యాక అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సు, అది మారి ఇంకో ఆరు నెలల కోర్సు... ఇందులో ఎక్కడా గ్యాప్ లేదు. ఎందుకంటే ప్రతిదానికీ రశీదు ఉంది. ఫీజు కడితే చదువు, కట్టకపోతే గ్యాప్.

అందుకే రాజీమార్గం చెప్పాను. "లాంగ్ టర్మ్‌లో ఫీజు కట్టేద్దాం. వెనక బెంచీలో కూర్చుని నీ ఇష్టమొచ్చినంత ఆలోచించుకో."

"అక్కడ ఆలోచించడానికి టైముండదు మావయ్యా. రెండేళ్లు ఉండొచ్చానుగా" అన్నాడు. కాఫీ చల్లారిపోతోందని లేచి వచ్చేశాను.

ఆ ఏడాది ఆ ఇల్లు పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. శ్రావణంలో నాలుగు పెళ్లిళ్లకి వాళ్లమ్మ వెళ్లలేదు. ఒకదానికి నడుంనొప్పి, ఒకదానికి రిజర్వేషన్ దొరకలేదు, మిగతా రెంటికీ కారణం నేనే రాసిచ్చాను. కుర్రాడు మాత్రం సూర్యాపేట దగ్గర తాతగారి ఊరెళ్లి కూర్చున్నాడు. అక్కడ పొలంలో ఎండిపోయిన బోర్లు ఆరున్నాయి. ఏడో బోరుకి పాయింటు చూడటానికి ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగాడట. కాయ లేచి నిలబడింది, బోరు వేశారు, దుమ్ము లేచింది. వీడు ఆ దుమ్ము చూస్తూ ఆలోచించాడు. ఇక చెప్పేదేముంది, ఈ ఏడు డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాలు 'దోస్త్‌'లో బీఎస్సీ జియాలజీ పెట్టాడు. "రాళ్ల చదువా!" అంది వాళ్ల నాయనమ్మ.

ఇంకో రహస్యం. వాడి ఏడాది ఖర్చు వాళ్ల నాన్న లెక్కేస్తే లాంగ్ టర్మ్ ఫీజులో నాలుగో వంతు కూడా కాలేదు. ఈ సంగతి బయట చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

కాలేజీలో గ్యాప్ సర్టిఫికెట్ అడిగారు. ఏడాది చదవలేదని స్టాంపు పేపరు మీద నోటరీ చేయించి తేవాలి. సాక్షి సంతకానికి నన్ను తీసుకెళ్లాడు. కోర్టు పక్కన చెట్టు కింద టైపు చేసే అతను పేరు, ఊరు కొట్టి, "కారణం?" అన్నాడు.

"ఆలోచించుకోవడం" అన్నాడు మావాడు.

అతని వేళ్లు ఆగిపోయాయి. వాడివైపు కాకుండా నావైపు చూశాడు. "అట్ల రాస్తే ఒప్పుకోరు సార్. ఆరోగ్యం బాగలేదని కొడత. అందరూ గదే కొట్టిస్తరు."

"ఏడాది పాటు ఏం జబ్బు?"

"కామెర్లు పెడదామా?"

సంతకం పెట్టి, జిరాక్సు తీయించి, ఇంటికి తెచ్చి వాళ్లమ్మ చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుంది.

"ఈ కామెర్ల మాట పోయినేడే చెప్పి ఉండొచ్చు కదా అన్నయ్యగారూ, హాయిగా పెళ్లిళ్లన్నిటికీ వెళ్లొచ్చేదాన్ని!"