లామినేషన్ చేయించుకున్న మెనూ కార్డు గారికి

మహారాజశ్రీ మెనూ కార్డు గారికి కర్నూలు నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇచ్చట మేమందరం క్షేమం. అచ్చట తమరూ క్షేమమేనని తలుస్తాను. మొన్న చేతికి తగిలినప్పుడు కాస్త జిడ్డుగా అనిపించారు, ఒంట్లో నలతేమో అనుకున్నాను.

తమరికి నేను గుర్తుండకపోవచ్చు. మొన్న మంగళవారం రాత్రి, ఏసీ నీళ్లు బొట్లుబొట్లుగా కారే మూల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లం. తమర్ని ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ ఎనిమిదిసార్లు తిప్పి, ఆఖరికి "నువ్వే ఏదో ఒకటి చెప్పప్పా" అని సర్వరు మొహం చూసింది నేనే.

మా వియ్యాలవారిది కాకినాడ. బస్సు దిగీ దిగగానే బావగారు ఒక మాటన్నారు. "బావగారూ, ఈసారి మీ ఊరి తిండే తినాలండీ. చెల్లెమ్మగారిని పొయ్యి దగ్గర నిలబెట్టొద్దు, బయటెక్కడైనా మంచి చోటు మీరే చూపించండి." ముప్పయ్యేళ్లుగా ఇదే ఊళ్లో ఉన్నాను. 2009 అక్టోబరులో తుంగభద్ర మా వీధిలోకి వచ్చినప్పుడు ఎవరి మేడ ఎక్కాలో చప్పున తోచింది గానీ, వియ్యంకుణ్ణి ఏ హోటలుకు తీసుకుపోవాలంటే మాత్రం నోట మాట రాలేదు. ఫోను తీశాను. అది నాకు చుక్కలు చూపించింది. నాలుగున్నర చుక్కలు. ఆ చుక్కలు పట్టుకునే తమరి సన్నిధికి వచ్చాం.

తమరి దేహదారుఢ్యం చూసి ముందు ముచ్చటపడ్డాను. పదకొండు పేజీలు, పెళ్లి ఆల్బమంత బరువు. సూపు వచ్చేలోపు లెక్కపెట్టాను, 214 వంటకాలు. అందులో మంచూరియాకు ఒక్కదానికే పద్నాలుగు రూపాలు. విష్ణుమూర్తి అంతటివాడే పదితో ఆగాడు. మా నాయన కాలంలో పన్నీరంటే పెళ్లి పందిట్లో చిలకరించేది. తమరి దగ్గర అది గడ్డకట్టి, ముక్కలై, ఎర్రటి గుజ్జులో ఈదుతోంది. సరే, కాలం మారింది, కాదనను.

ఏడో పేజీలో, ఎర్ర మిరపకాయల బొమ్మలతో గీత గీసి, 'రాయలసీమ స్పెషల్స్' అని ఒక గడి. హమ్మయ్య అనుకున్నాను. రాయలసీమ చికెన్, రాయలసీమ పనీర్, రాయలసీమ బేబీకార్న్, రాగిసంగటి–నాటుకోడి. బేబీకార్న్ మా సీమకు ఎప్పుడు కాపురానికి వచ్చిందో తెలియదు గానీ, సంగటి కనబడగానే ప్రాణం లేచొచ్చింది. "సంగటి సండే మాత్రమే సార్" అన్నాడు సర్వరు. పోనీ, రాయలసీమ చికెన్ అంటే ఎట్లుంటుందప్పా? "స్పైసీ సార్."

ఆ పిల్లాడిది ఒడిశా. వాడిననేందుకు ఏముంది, వాడికి నేర్పింది తమరే కదా. మాది నాలుగు జిల్లాల సీమ, 2022లో ఎనిమిది జిల్లాలైంది. ఆదోని, ఆలూరు పల్లెల్లో జొన్నరొట్టెదే రాజ్యం, కడప, చిత్తూరు వైపు పోతే సంగటిది. ఇంత సీమనూ తమరు ఒక్క మాటలో తేల్చేశారు.

బావగారు మర్యాదస్తులు. పళ్లెంలో ఏదీ వదలకుండా తిన్నారు. "బాగుందండీ" అన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, మెల్లగా, "మా కాకినాడలో కూడా అచ్చం ఇలాగే ఉంటుందండీ" అన్నారు. బిల్లు కంటే ఆ మాట బరువైంది.

బిల్లంటే గుర్తొచ్చింది. ఆనియన్ సలాడ్, తొంభై రూపాయలు. నాలుగు ఉల్లి చక్రాలు, ఒక నిమ్మబద్ద. ధర మీద తెల్ల స్టిక్కరు అంటించి మళ్లీ రాశారు గనక పాత ధరేదో గోరుతో గీకినా తెలియలేదు. ఇదే ఊళ్లో, మార్కెట్ యార్డులో, ఉల్లిగడ్డ ధర పడిపోతే బండి కిరాయి కూడా గిట్టదని రైతులు సరుకు అక్కడే పోసి వెళ్లిపోయిన సంవత్సరాలు చూసినవాళ్లం మేము. ఆ గుట్ట నుంచి తమరి పళ్లెం దాకా వచ్చేసరికి ఉల్లిగడ్డకు ఏ చదువు అబ్బుతుందో, ఏ డిగ్రీ వస్తుందో కొంచెం చెబితే మా రైతులకు కూడా చెబుతాను.

ఇక బిర్యానీ. అయిదో పేజీ నిండా హైదరాబాదీ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని మా కర్నూలే. మూడేళ్లు తిరిగాక, 1956 నవంబరు 1న అది మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకు పోయింది. పోతూ పోతూ ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని ఉద్యోగుల క్వార్టర్ల పేర్లు మాకు వదిలిపోయింది. తీసుకుపోయిన రాజధానికి చెల్లుగా ఇప్పుడు పొట్లాల్లో బిర్యానీ పంపుతోంది కాబోలు. అసలు 1839 దాకా నవాబులు ఏలిన ఊరిది. పాతబస్తీలో ఎవరింట్లో పెళ్లికి దేగిశా ఎక్కినా సందు మొదట్లోనే ముక్కుకు కబురందుతుంది. ఆ కుష్కా అన్నం, ఆ దాల్చా పప్పు తమరి 214లో లేవు. పక్కన ఇంకో ఊరి పేరు తగిలించుకుంటే తప్ప తమరు లోపలికి రానివ్వరు మరి.

ఇంటికొచ్చి మజ్జిగన్నం కలుపుకుంటుంటే మా ఆవిడ అంది: "కార్డులుండే చోటికి పోవద్దని చెప్తి కదా. పొద్దున్నే బండి కాడికి పిల్చకపో."

పోయాం. కొండారెడ్డి బురుజు దాటి, రెండు సందులు తిరిగితే. దానికి బోర్డు లేదు, చుక్కల్లేవు, తమరి జాతివాళ్లెవరూ లేరు. గుర్తు ఏమిటంటే, ఏడున్నరకే ఆటోలు అడ్డదిడ్డంగా ఆగి ఉంటాయి. పదింటికి పోతే కడిగి బోర్లించిన గిన్నె కనబడుతుంది, అంతే. పదిన్నరకు లేచేవాడి జాతకంలో ఉగ్గాని లేదు.

తమరు ఎప్పుడూ చూసి ఉండరు గనక కొంచెం వివరంగా రాస్తాను. బొరుగులు బస్తాలోంచి తీసి నీళ్ల బేసిన్లో వేస్తాడు. మునిగీ మునగకముందే రెండు చేతుల్తో ఎత్తి, పిడికిట్లో ఒత్తి, పక్క గిన్నెలోకి విదిలిస్తాడు. ఆ ఒత్తడంలోనే ఉంది విద్యంతా. ఇంకాస్త నాననిస్తే జావ, తొందరపడి తీస్తే గొంతుకు అడ్డం. ఈలోగా బాండలిలో ఆవాలు, కరివేపాకు, దంచిన పచ్చిమిరపకాయలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పసుపు. ఉల్లిగడ్డ ఎర్రబడనివ్వడు, మెత్తబడగానే బొరుగులు పోసి అడుగు నుంచి పైకి తిప్పుతాడు. తెల్లటివి చూస్తుండగానే పచ్చబడతాయి. దించేముందు పప్పుల పొడి. పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి దంచిన పొడి అది. అదే లేకపోతే ఉగ్గాని ఉత్త తడి బొరుగులు. తోడుగా మిరపకాయ బజ్జీలు, నూనెలోంచి అప్పుడే దేవినవి. బజ్జీ లేకుండా ఉగ్గాని అడిగితే బండాయన మనల్ని ఎగాదిగా చూస్తాడు, సూతకం ఏమైనా ఉందా అన్నట్టు.

"అటుకుల ఉప్మా లాంటిదాండీ?" అన్నారు బావగారు. అంత మాట అనొద్దన్నాను. రెండో ప్లేటు సగంలో ఉండగా ముక్కు తుడుచుకుంటూ, "ఇప్పుడు కాజా ఇచ్చినా వద్దండీ" అన్నారు. కాకినాడ మనిషి నోట ఆ మాట రావడమంటే మామూలు సంగతి కాదు.

నేను రొమ్ము విరుచుకుని, ఇది ఇంకెక్కడా దొరకదు, అచ్చంగా మా కర్నూలుది అని మొదలుపెట్టాను. బండాయన జల్లెడ గరిటె ఆపి నవ్వాడు. "మా అమ్మది బళ్లారి సార్. ఆడ ఒగ్గరణె అంటారు. కన్నడంలో తిరగమాత అని." నేను నీళ్లు తాగాను.

తర్వాత సీ క్యాంపు రైతుబజారు. వదినగారికి సరుకులు కావాలి. ఇక్కడ మాత్రం నా పెద్దరికం కొంత నిలబడింది. జొన్నపిండి ప్యాకెట్టు చూపిస్తే ఆమె కొనబోయారు, వద్దని జొన్నలే కొనిపించాను. జొన్నపిండి పాతబడితే జిగి పోతుంది. ఎంత వేణ్ణీళ్లు పోసి పిసికినా రొట్టె అంచులు మా హంద్రీ నది ఎండాకాలంలో పగిలినట్టు పగులుతాయి. జొన్నలు తీసుకుపోయి, కావలసినప్పుడు కావలసినంత మరలో ఆడించుకోవాలి. బొరుగులు కూడా సూపర్‌బజారులో గాలి నింపిన కవర్లో కాకుండా, బట్టీ దగ్గర వేడిగా కొనాలి. ఈ సంగతులు ఏ పేజీలోనూ అచ్చుకావు. రైతుబజార్లో మునక్కాయలు అమ్మే ఆమె చెబుతుంది, అదీ మనం మునక్కాయలు కొంటేనే.

బియ్యం అంగడి దగ్గర మళ్లీ దెబ్బతిన్నాను. కర్నూలు సోనా బస్తా మీద చెయ్యేసి, దీని పేరు చెప్పుకునే హైదరాబాదులో అన్నం తింటారని గొప్పగా అంటే, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన బావగారు నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని చూసి, "ఇది మా బాపట్లలో పుట్టిన వంగడమండీ, బీపీటీ 5204. 1986లో విడుదలైంది" అన్నారు. పొద్దున బళ్లారి, మధ్యాహ్నం బాపట్ల. రెండు పూటల్లో ఇద్దరు నా గాలి తీసేశారు.

సంతోషించకండి. తమరూ బయటి నుంచే వచ్చారు గదా, మరి మీమీదే ఎందుకీ కోపం అని అడుగుతారు, తెలుసు. ఆ వంగడం వచ్చి కె.సి. కాలువ నీళ్లు తాగింది. ఒగ్గరణె వచ్చి ఉగ్గాని అని పేరు మార్చుకుని, మా పప్పుల పొడితో వియ్యమందింది. తమరు వచ్చీ రాగానే మినరల్ వాటర్ బాటిల్ అడిగారు.

ఇంకొకటి, తమరికి పొద్దు తెలియదు. పొద్దున ఎనిమిదైనా రాత్రి పదైనా అవే 214. మాంసం వండే మా మిలిటరీ హోటళ్లలో కార్డుండదు, మనిషుంటాడు. భుజాన తువ్వాల. మనం కూర్చునేలోపే ఊపిరి తీసుకోకుండా చదువుతాడు: తలకాయుంది, బోటుంది, కైమా ఉంది, కాళ్ల పులుసు అయిపాయ. 'అయిపాయ' అన్న మాట విన్నారా ఎప్పుడైనా? అది తమరి భాషలో లేదు. తమరి దగ్గర ఏదీ అయిపోదు, ఫ్రిజ్జులో ఉంటుంది. తీరా అడిగాకే లేదంటారు. తమరి తప్పేం లేదు, అచ్చయిన రోజున ఏది రాశారో అదే, పాపం. ఆ తువ్వాల మనిషి మాత్రం ఒకసారి నన్ను చూసి, "బోటి వద్దులే సార్, ఈ పొద్దు సరిగా రాలే" అన్నాడు. ఆ హోటలుకు అప్పటి నుంచి పోతూనే ఉన్నాను.

నా మనవి చిన్నది. తమర్ని చింపమని అనను, చిరగరు కూడా. ఒక్క పేజీ ఖాళీగా ఉంచుకోండి. అక్కడ పొద్దున ఏది వండితే అది, సుద్దముక్కతోనో బొగ్గుతోనో ఎవరైనా రాస్తారు, సాయంత్రానికి తుడిచేస్తారు. ఏడో పేజీ అయితే మేలు. ఆ మిరపకాయల గడి ఎట్లాగూ ఊరికే ఉంది.

ఇంతే సంగతులు. చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి దగ్గర పదమూడు వందలు కట్టి, ఇంటికొచ్చి మజ్జిగన్నం తిన్నవాడు.

తా.క. ఆ సాయంత్రమే వదినగారికి చూపిద్దామని, మా వీధి చివర జొన్నరొట్టెలు చేసే పెద్దమ్మ దగ్గరికి తీసుకుపోయాను. టపటపమని చప్పుడు వినబడితే చాలు, దారి అడగక్కర్లేదు. రొట్టె పెనం మీద పడ్డాక కట్టెల పొయ్యి మందగించింది. ఆమె పక్కనుంచి అట్టలాంటిదేదో తీసి, దాంతో మంటకు గాలి విసిరింది. చూస్తే, తమరి వంశస్థుడే. ఏ హోటలువాళ్లో కొత్తవి వచ్చాక పారేసిన పాత కార్డు. "లామినేషను గట్టిదప్పా, తడిసినా మెత్తబడదు" అని మెచ్చుకుంది. ఏం రాసుందో చదవమంది. చదివాను. బేబీకార్న్ అంటే ఏందని అడిగింది. మొక్కజొన్న పిందె పెద్దమ్మా అన్నాను.

రొట్టె తిరగేస్తూ, "గింజ కూడా పట్టనీకుండా తెంపుతారా, పాపం" అంది.