తొట్టిలోని ఇంటికి తగిన కట్టు

అమెరికా, కెనడాల్లో మంచు కరిగి కొండదారులు తెరుచుకునే రోజులు వచ్చాయంటే పికప్ ట్రక్కుల తొట్టెల్లో పాపప్ క్యాంపర్లు కనిపించడం మొదలవుతుంది. ప్రయాణంలో కప్పు దించుకుని, విడిదికి చేరాక పైకి లేపితే లోపల మనిషి నిలబడగలిగేంత ఎత్తు వచ్చే ఈ చిన్న ఇళ్ళలో యెల్లోస్టోన్‌కో, యూటా ఎర్రరాతి లోయలకో వెళ్ళివచ్చే కుటుంబాల్లో అక్కడ స్థిరపడిన తెలుగువారూ ఉన్నారు. పిల్లలకు నగర దీపాలు సోకని ఆకాశాన్ని చూపించాలన్న ఆ కోరికను మేము మనసారా మెచ్చుకుంటాం. మా ఆందోళన అంతా ఆ ఇంటినీ ట్రక్కునూ కలిపి పట్టి ఉంచే నాలుగు కట్ల గురించే.

తొట్టిలోకి ఎక్కించిన క్యాంపర్ వాహనంలో భాగం కాదు, అది సరుకు. చాలామంది మరచిపోతున్న సంగతి ఇదే. లోపల పరుపు, పొయ్యి, దీపాలు ఉన్నంత మాత్రాన అది సిమెంటు బస్తాలకన్నా బుద్ధిగా కూర్చోదు. 500 కిలోల బరువున్న వస్తువు తన బరువుతోనే నిలిచి ఉంటుందని, తొట్టి గోడలు ఎటూ కదలనివ్వవని అనుకోవడం సమతలమైన దారిలో, నిదానంగా పోయినంతసేపే నిజం. హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు, ఎదురుగా వచ్చిన జింకను తప్పించబోయి చక్రం తిప్పినప్పుడు, గతుకులో పడి తొట్టి ఎగిరినప్పుడు ఆ నమ్మకం పనికిరాదు.

సరుకు లారీల విషయంలో అమెరికా ఫెడరల్ నిబంధనలు దీన్ని అంకెల్లోనే చెప్పాయి. బ్రేకు వేసినప్పుడు ముందుకు దూకే సరుకును దాని బరువులో 80 శాతానికి సమానమైన బలం వచ్చినా కట్టు ఆపగలగాలి. వెనక్కీ, పక్కలకూ 50 శాతం బలాన్ని తట్టుకోవాలి. అంటే 500 కిలోల క్యాంపర్ ముందుకు 400 కిలోల బరువంత బలంతో తోసినా కట్టు తెగకూడదు, ఊడకూడదు. అయితే ఈ నిబంధనలు వాణిజ్య వాహనాలకే వర్తిస్తాయి. సెలవులకు బయలుదేరిన కుటుంబాన్ని ఈ లెక్క అడిగేవారు లేరు. సొమ్ము కోసం సరుకు మోసే డ్రైవరు పాటించి తీరవలసిన జాగ్రత్త, భార్యాబిడ్డలను కూర్చోబెట్టుకుని పోయే తండ్రికి ఐచ్ఛికం కావడం మాకు సమంజసంగా తోచడం లేదు.

ఇక కట్టు ఎక్కడ వేయాలన్నది అసలు ప్రశ్న. రెండు కొసలా కొక్కేలుండి, మధ్యభాగాన్ని తిప్పితే బిగిసే టర్న్‌బకిల్ ఎంత ఖరీదైనదైనా, అది పట్టుకున్న చోటు బలహీనంగా ఉంటే ప్రయోజనం లేదు. తొట్టి అడుగున ఉండేది పలుచని రేకు. దానికి రంధ్రం చేసి ఉత్త బోల్టు బిగిస్తే, కుదుపులకు ఆ రంధ్రం చుట్టూ రేకు చీలిపోతుంది. అందుకే అడుగువైపు వెడల్పాటి ఉక్కు పలక వేసి బరువును పంచాలి. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 తొట్టి అల్యూమినియంతో, 2005 నుంచి టయోటా టకోమా తొట్టి ప్లాస్టిక్ మిశ్రమంతో వస్తున్నాయి కనుక, పాత ఉక్కు ట్రక్కుకు సరిపోయిన పద్ధతి వీటికీ సరిపోతుందని అనుకోరాదు. సామాన్లు కట్టుకోవడానికి కంపెనీ అమర్చిన చిన్న కొక్కేలకే క్యాంపర్‌ను తగిలించేవారిని చూస్తే భయం వేస్తుంది. బరువైన క్యాంపర్లకు ఛాసిస్‌కే, అంటే తొట్టి కింద ట్రక్కును మోసే ఉక్కు చట్రానికే, నేరుగా బిగించే కట్లు మేలు. కానీ గతుకుల దారిలో ఛాసిస్ ఒకలా, తొట్టి మరొకలా మెలితిరుగుతాయి కాబట్టి అటువంటి కట్లకు స్ప్రింగు ఉండాలి. ముందు కట్లు ముందుకూ, వెనుక కట్లు వెనక్కూ లాగేటట్లు ఏటవాలుగా ఉండాలి. అడుగున మందపాటి రబ్బరు చాప పరిస్తే జారుడు తగ్గి, కట్ల మీద పడే శ్రమ కూడా తగ్గుతుంది. బలమంతా ఉపయోగించి బిగించడం కూడా తప్పే. క్యాంపర్ చట్రంలోని కొక్కేలు దానికే ఊడివస్తాయి.

కట్టు ఎంత మంచిదైనా, మోయలేని బరువును ట్రక్కు మోయలేదు. డ్రైవరు తలుపు దగ్గరి పట్టీ మీద మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మించకూడదో రాసి ఉంటుంది. క్యాంపర్ కొన్నప్పుడు చెప్పే బరువు చాలాసార్లు ఖాళీ బరువు. 75 లీటర్ల నీళ్ళు నింపితేనే మరో 75 కిలోలు చేరతాయి. క్యాంపర్ మీద దాని బరువును తెలిపే పట్టీ ఉండాలనీ, దాని బరువు కేంద్రం తొట్టిలో ఎంత దూరం లోపల ఉండాలో ట్రక్కు తయారీదారు చెప్పాలనీ అక్కడి నియమం. ఆ కాగితాలు చదివేవారెందరు?

గడ్డిబండికి మోకు వేసి బిగించిన మన రైతు, ఊరి పొలిమేర దాటాక బండి ఆపి మరోసారి బిగించేవాడు. కుదుపులకు గడ్డి సర్దుకుని మోకు వదులవుతుందని అతనికి తెలుసు. అమెరికా లారీ డ్రైవరుకు చట్టం చెప్పిందీ అదే: మొదటి 50 మైళ్ళలోపు ఒకసారి, ఆ తరువాత ప్రతి 150 మైళ్ళకో మూడు గంటలకో కట్లు చూసుకోవాలి. క్యాంపర్ యజమానులు దీన్ని యథాతథంగా స్వీకరించాలని మా విజ్ఞప్తి. బయలుదేరే ముందు కప్పు గడియలు పడ్డాయో లేదో కూడా చేత్తో తాకి చూడాలి. గాలి దూరితే ఆ కప్పు లేచిపోతుంది.

కానీ భారమంతా కొనుగోలుదారు మీదే వేయడం న్యాయం కాదు. క్యాంపర్‌ను అమ్మేవారు దాన్ని ఆ ట్రక్కు మీద ఎక్కించి, నిండు సామానుతో తూచి, కట్లు బిగించి చూపించి, వాటి బలాన్ని రాతపూర్వకంగా ఇచ్చిన తరువాతే తాళాలు అప్పగించాలి. పాత క్యాంపర్లు చేతులు మారేటప్పుడు ఈ పని చేసే నాథుడే ఉండడు కనుక, ఏటా వేసవికి ముందు ఒక శనివారం ఏదైనా తూనిక కేంద్రం దగ్గర, అనుభవమున్న మెకానిక్కు సమక్షంలో కట్ల తనిఖీ ఏర్పాటు చేయవలసిందిగా అక్కడి తెలుగు సంఘాలను కోరుతున్నాం.