డిజిటల్ సంతకం: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తప్పించుకోవాలి

ఏ కాగితానికి డిజిటల్ సంతకం కావాలో తేల్చమని సంస్థలు కమిటీలు వేస్తుంటాయి. అంత శ్రమ దేనికి? రేపు ఎవరూ కాదనని కాగితాలన్నిటికీ పెట్టించండి: సెలవు చీటీ, కుర్చీల ఇండెంటు, శుభాకాంక్షల సర్క్యులరు. ‘అది నేను పెట్టలేదే’ అని ఎవరైనా అనాల్సి రాగల కాగితాల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

ఈ ముప్పును 1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు గూఢలిపి శాస్త్రవేత్తలు లోకం మీదికి వదిలారు. పత్రం మొత్తాన్ని హ్యాష్ అనే చిన్న సంఖ్యగా కుదించి, సంతకందారు దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంతో దానికి ముద్ర వేస్తారు. సరిచూసే తాళం బహిరంగం, ఎవరైనా వాడుకోవచ్చు. ఆ తర్వాత ఒక్క కామా కదిలినా, అంకె పక్కన సున్నా చేరినా గుట్టు రట్టవుతుంది. ఇంత కాఠిన్యంతో కాపురం చేయడమెలా?

సిరా సంతకానిది దయగల గుండె. చివరి పేజీలో అది ఉంటే చాలు, ముందు పేజీలు మార్చుకున్నా కిమ్మనదు. స్కాన్ చేసి అతికించే బొమ్మ సంతకం మరీ ఉదారం, ఎవరు ఎక్కడ అతికించినా ఒదిగిపోతుంది. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో జమ చేయండి’ అంటూ సరఫరాదారు పేరుతో వచ్చే ఉత్తరం మీద ఉండేది ఈ బొమ్మే. నిండుగా, నీలంగా ఉంటుంది. డబ్బు వెళ్లిపోతుంది, ఎవరికి వెళ్లిందన్నది తర్వాతి సంగతి.

ఆడిటర్లు పట్టుబట్టి పెద్ద చెల్లింపులకూ డిజిటల్ సంతకం తప్పదంటే కంగారు పడకండి. డైరెక్టరు గారి రహస్య తాళం దాచిన యూఎస్‌బీ టోకెన్‌ను గుమాస్తా కంప్యూటర్‌కే ఉంచేయండి. పిన్ నంబరు కీబోర్డు కింద పసుపు చీటీ మీద ఉండాలి. ‘నేను మీటింగులో ఉన్నాను, నా సంతకం కానిచ్చేయండి’ అని ఆయన ఫోను చేస్తే చాలు. రహస్య తాళం ఆ అంతస్తులో అందరికీ తెలిసిన రహస్యమైపోయాక, కాదనడానికి పాత సౌకర్యమంతా తిరిగి వచ్చినట్టే. అలా సంతకమైన పీడీఎఫ్‌ను ప్రింటు తీసి, పెన్నుతో మరో సంతకం గీకి, గుండ్రటి ముద్ర కొట్టి, స్కాన్ చేసి దాచండి. కాగితం మీదికి గణితం రాదు, సంతకం సరిపోయిందని తెర మీద చూపిన ఆకుపచ్చ టిక్కు మాత్రం ముచ్చటగా పడుతుంది.

ఇరవై ఏళ్లు దాచాల్సిన ఒప్పందాలకు, సంతకం ఎప్పుడు పడిందో రుజువు చేసే టైమ్‌స్టాంపు అసలే వద్దు. తాళం ఫలానావారిదని చెప్పే సర్టిఫికెట్ గడువు తీరాక, సంతకం గడువులోపు పడిందా, దాటాక పడిందా అని లాయర్లు తలలు పట్టుకుంటారు. అప్పటికి సంతకం చేసినవారు శాలువా కప్పించుకుని రిటైరై ఉంటారు.