జీతం గడి ఖాళీగా వదలొద్దు

పోయిన నెల ఒక కుర్రాడు మా వంటింటి బల్ల మీద కవరు పెట్టి, ముట్టుకోవడానికే భయపడుతూ కూర్చున్నాడు. మాస్టర్స్ చదువుతూ వేర్‌హౌస్‌లో పనిచేస్తాడు. గంటకు 30 మైళ్లు దాటకూడని రోడ్డు మీద 37లో వెళ్లాడు. కారు ఎవరు నడిపారని పోలీసులు అడిగితే, నడిపింది తనేనని జవాబు రాశాడు గానీ, తర్వాత 100 పౌండ్లు కట్టమన్న ఉత్తరం స్కామ్ అనుకుని వదిలేశాడు. ఇప్పుడది కోర్టు కేసు, ఆ కవరులో ఉన్నది జీతం అడిగే కోర్టు ఫారం.

"అన్నా, ఫైన్ అందరికీ ఒకటే కదా, నా జీతం ఎందుకు అడుగుతున్నారు?" అన్నాడు.

ఒకటి కాదు. ఇంగ్లండ్, వేల్స్ కోర్టుల్లో ఈ మాత్రం స్పీడుకు లెక్క మొదలయ్యేది పన్ను పోగా చేతికొచ్చే వారం జీతంలో సగం దగ్గర. వీడికి వారానికి 240 పౌండ్లు వస్తాయి. సగం 120. మొదట్లోనే తప్పు ఒప్పుకుంటే మూడో వంతు తగ్గి 80. దాని మీద సర్‌చార్జి 40 శాతం, అంటే 32. వారానికి 1,200 తెచ్చుకునే డాక్టరుకైతే అదే తప్పుకి 400, పైన 160. కోర్టు ఖర్చులు వేరే. లైసెన్సు మీద పడే పెనాల్టీ పాయింట్లు మాత్రం ఇద్దరికీ 3.

ఇది న్యాయమైన పద్ధతని మనస్ఫూర్తిగా నమ్ముతాను. దెబ్బ ఇద్దరికీ ఒకేలా తగలాలి.

నేను ఒప్పుకోలేనిది ఒకటుంది. 2015 నుంచి ఇలాంటి చిన్న కేసులు చాలావరకు ఒక్క మేజిస్ట్రేటే, లీగల్ అడ్వైజర్ సాయంతో, కాగితాలు చూసి తేల్చేస్తున్నారు. జవాబుకి గడువు 21 రోజులు. జీతం వివరాలు రాయకపోతే కోర్టే ఒక అంకె ఊహించుకుంటుంది. పార్ట్‌టైమ్ పిల్లాడికి ఆ అంకె తన జీతం కన్నా చాలా ఎక్కువ. మన జీతం లెక్క ప్రతి నెలా పన్నుల శాఖకి చేరుతూనే ఉంది కదా, ఊహించే ముందు అక్కడ అడగొచ్చు. అడిగి తీరాలి.

అసలు ఉత్తరమే పాత ఇంటికి పోయిన పిల్లలు ఇంకా ఎక్కువ నష్టపోతున్నారు. నడిపిందెవరో చెప్పనందుకు 6 పాయింట్లు పడతాయి. ఇక్కడ టెస్టు పాసై రెండేళ్లు నిండకపోతే లైసెన్సే పోతుంది. అయితే కేసు సంగతే తెలియలేదని, తెలిసిన 21 రోజుల్లోపు కోర్టులో ప్రమాణం చేసి చెబితే ఆ తీర్పు రద్దయి, కేసు మళ్లీ మొదటికొస్తుంది. ఈ దారి ఉందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? సంక్రాంతి సంబరాలకు హాలు బుక్ చేసినప్పుడు, ఓ మూల ఈ ఫారాలు నింపిపెట్టే బల్ల కూడా వేద్దాం.

ఆ రోజు పేస్లిప్పులు ముందేసుకుని, 240 అని రాయడానికి వాడికి రెండు నిమిషాలు పట్టింది.