నెత్తి కాలిపోయి పుర్రె ఎముక బయటపడితే ఆకుపసరు పనిచేయదు

వారం నుంచి మా అనంతపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో, కాలిన తల మీద మళ్లీ జుట్టొచ్చిందనే ఫోటోలతో ఒక మెసేజ్ తిరుగుతోంది. తల ఎంత లోతుగా కాలినా ఆపరేషన్ అక్కర్లేదట, కలబంద గుజ్జు కొబ్బరినూనెలో కలిపి మూడు నెలలు పూస్తే చర్మం, జుట్టు రెండూ వస్తాయట, ప్లాస్టిక్ సర్జరీ డబ్బున్నోళ్ల సోకట, తలలో బెలూన్ పెడితే మెదడు నొక్కుకుపోతుందట. అది చదివి మా పిన్ని, చిన్నాన్నకు జరగాల్సిన రెండో ఆపరేషన్ వద్దని కూర్చుంది. అందుకే రాస్తున్నా.

ముందు ఆ ఫోటోల సంగతి. వేడినీళ్లో ఆవిరో తగిలి పైపైన కాలితే వెంట్రుకల కుదుళ్లు బతికే ఉంటాయి, ఎందుకంటే నెత్తి మీద అవి చర్మం కింది కొవ్వు దాకా దిగి ఉంటాయి. అలాంటి గాయం శుభ్రంగా ఉంచితే చాలు, దానంతటదే మానుతుంది, జుట్టూ వస్తుంది. అది కలబంద చేసింది కాదు. చర్మం మొత్తం మందాన కాలితే కుదుళ్లే మిగలవు, ఇక ఏ నూనె పూసినా అక్కడ వెంట్రుక రాదు.

చిన్నాన్న ట్రాక్టర్ మీద శనక్కాయ కట్టె లోడెక్కి తాడు బిగిస్తుంటే 11 కేవీ తీగ తలకు తగిలింది. బతకడమే గొప్ప. పైకి కనిపించింది అరచేయంత కూడా లేదు, కానీ కరెంటు గాయం పైన చిన్నగా, లోపల పెద్దగా ఉంటుంది. మాడిన చర్మం ఊడి పుర్రె కనబడినా, ఎవరో చెప్పారని మేమూ మూడు వారాలు ఆకుపసరే కట్టాం. చీము పట్టింది, పుర్రె ఎముక పైభాగం చచ్చిపోయింది.

పుర్రెను అంటుకుని ఒక పల్చటి పొర ఉంటుంది. అది బతికుంటే తొడ చర్మం తీసి వేసినా పట్టుకుంటుంది. అదీ కాలిపోతే వట్టి ఎముక మీద చర్మం అతకదు, ఎముక ఎండి చచ్చిపోతుంది, చీము మెదడు పొరల దాకా పాకే ప్రమాదం ఉంది. అప్పుడు పక్కనున్న మంచి నెత్తి చర్మాన్ని రక్తనాళాలతో సహా తిప్పి కప్పుతారు, దాన్నే ఫ్లాప్ అంటారు. గాయం మరీ పెద్దదైతే వీపు కండ తెచ్చి, దాని నాళాలను మైక్రోస్కోప్ కింద మెడ దగ్గరో చెవి ముందో ఉన్న నాళాలకు కుడతారు. చిన్నాన్నకు చచ్చిన ఎముక పైభాగం తీసేసి ఫ్లాప్ తిప్పారు, ఫ్లాప్ జరపడంతో ఖాళీ పడిన చోట తొడ చర్మం వేశారు. ఇంకొంచెం ముందే తీసుకొచ్చి ఉంటే ఆ ఎముక కొంతైనా దక్కేదేమో అని డాక్టర్ అన్నప్పుడు పిన్ని ముఖం చూడలేకపోయాను.

ఇది సోకు కాదు. పైగా ఏళ్ల తరబడి మానని కాలిన పుండు క్యాన్సర్‌గా మారే అవకాశం కూడా ఉంది, మార్జోలిన్ అల్సర్ అంటారు దాన్ని. ప్లాస్టిక్ సర్జరీ అంటే ప్లాస్టిక్ పెట్టడం కాదు, ఆ మాటకు గ్రీకులో మలచడం అనే అర్థం.

ఇక పిన్నిని భయపెట్టిన బెలూన్, అంటే ఆ రెండో ఆపరేషన్. తొడ చర్మం వేసిన చోట జుట్టు రాదు కాబట్టి, గాయం పూర్తిగా మానాక, పక్కన జుట్టున్న చర్మం కింద, పుర్రెకు పైన, సిలికాన్ సంచి పెడతారు. వారానికోసారి కొంచెం సెలైన్ ఎక్కిస్తారు. రెండు మూడు నెలల్లో నెత్తి చర్మం సాగుతుంది, సంచి తీసేసి ఆ చర్మాన్ని బోడి చోటికి జరుపుతారు. దాదాపు సగం తల వరకు ఇలా కప్పొచ్చు. మధ్యలో గట్టి పుర్రె ఉంది, మెదడు నలగదు. ఇన్ఫెక్షన్ రావచ్చు, సంచి బయటపడవచ్చు, తల ఉబ్బి నలుగురిలోకి వెళ్లడం కష్టంగానూ ఉంటుంది, అవి నిజమే, డాక్టర్‌ను నిలదీసి అడగండి.

ఖర్చు గురించి భయపడేవాళ్లు ముందు ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య పథకం సాయానికి ఉండే ఆరోగ్యమిత్రను కలవండి. కాలిన గాయాల చికిత్సలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఉన్నాయి, మీ కేసుకు ఏది వర్తిస్తుందో వాళ్లు చెబుతారు.

కాలగానే 20 నిమిషాలు మామూలు నీళ్లు పారించండి, ఐస్ వద్దు, పేస్ట్ వద్దు, పసుపు వద్దు. కరెంటు దెబ్బైతే ముందు సరఫరా ఆపాకే మనిషిని ముట్టుకోండి, మచ్చ ఎంత చిన్నదైనా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.